ఏడాది కాగితం మీద అధ్యాపకుడు

ఉద్యోగంలో చేరినవానికి అన్నిటికంటె ముందు తెలిసివచ్చే భేదం పర్మనెంటు, టెంపరరీ అనేది. బల్ల ఒకటే, పని ఒకటే, ఒక్కొక్కప్పుడు జీతం కూడా ఒకటే కావచ్చు. అయినా ఒకడు పై అధికారితో "అయ్యా, ఇది నియమం కాదు" అనగలుగుతాడు. రెండవవాడు మాట మింగి ఊరుకుంటాడు. కచేరీలో ఈ మాట మింగటం వల్ల నష్టపోయేది చాలావరకు ఆ మింగినవాడే. ఆ మనిషి కళాశాలలో పాఠం చెప్పేవాడైతే సంగతి వేరు. అతడు మింగిన మాట ఎదుట కూర్చున్న పిల్లలకు అందకుండా పోతుంది.

ఈ విషయమై అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పండితుల సంఘాలు నూట పాతిక సంవత్సరాలుగా చేస్తూ వచ్చిన ప్రయత్నం మనవారు తెలుసుకోదగినది. మన ఇళ్ల పిల్లలు ఎందరో అక్కడికి పై చదువులకు వెళ్తున్నారు. టీచింగ్ అసిస్టెంట్లుగా తరగతి ముందు నిలబడుతున్నవారూ వారిలో ఉన్నారు. వారు అడుగుపెట్టే ఇంటికి పునాది ఎవరు వేశారో, ఏ వైపు గోడ ఇంకా లేవలేదో ఇక్కడ ఉన్న తల్లిదండ్రులకు కూడా తెలిసి ఉండటం మంచిది. నేను మెట్రిక్‌తో చదువు ఆపినవాణ్ణి. అందుచేత పండితుల పరిభాష జోలికి పోక, కథ నాకు అర్థమైన వరుసలో చెబుతాను.

రైల్వేవాణ్ణి గనుక రైలుబాట దగ్గర మొదలు పెడతాను. 1869 మే 10న యూటా ప్రాంతంలో ప్రోమంటరీ అనేచోట తూర్పు నుండి వచ్చిన పట్టాలూ, పడమర నుండి వచ్చిన పట్టాలూ కలిసినవి. అక్కడ బంగారు మేకు కొట్టిన పెద్దమనిషి లీలండ్ స్టాన్‌ఫర్డ్, సెంట్రల్ పసిఫిక్ రైలు కంపెనీ అధ్యక్షుడు. ఆ పడమటి బాటను కొండలు తొలిచి వేసింది ముఖ్యంగా చైనా కూలీలు, వేలమంది. స్టాన్‌ఫర్డ్ దంపతులకు ఒక్కడే కొడుకు. 1884లో పదిహేనేళ్ల వయస్సులో టైఫాయిడు జ్వరంతో పోయాడు. ఆ పిల్లవాని పేర వారు కాలిఫోర్నియాలో విశ్వవిద్యాలయం పెట్టారు. 1891లో పాఠాలు మొదలయ్యాయి. 1893లో లీలండ్ చనిపోగా సర్వాధికారం భార్య జేన్ స్టాన్‌ఫర్డ్ చేతికి వచ్చింది. ఇబ్బంది రోజుల్లో విశ్వవిద్యాలయాన్ని మూతపడకుండా నిలబెట్టిన ఇల్లాలు ఆమె. ఆ మాట చెప్పకపోవటం అన్యాయం. కాని సొమ్ము తనది గనుక అక్కడి మాట కూడా తన చెప్పుచేతల్లో ఉండాలనుకున్నది.

ఎడ్వర్డ్ రాస్ అక్కడ అర్థశాస్త్రం, సమాజశాస్త్రం చెప్పే ఆచార్యుడు. ట్రాముబాటలు ఊరి సొత్తుగా ఉండాలన్నాడు. వెండి నాణెం పక్షాన మాట్లాడాడు. ఆసియా దేశాల కూలీలను రానీయరాదని బహిరంగ సభలో గట్టిగా ప్రసంగించాడు. వలస వచ్చినవారిని గురించి అతడన్న మాటలు చదివితే, తాతల కాలంలో మూటాముల్లె నెత్తిన పెట్టుకుని వచ్చిన మనబోటివారికి చేదుగానే ఉంటుంది. అయినప్పటికీ అతణ్ణి పంపివేసింది ఆ మాటలు తప్పని రుజువు చేసి కాదు, యజమానురాలికి నచ్చలేదని. 1900 నవంబరులో రాజీనామా చేయవలసి వచ్చింది. ఆ పనిని తరగతిలోనే ఖండించిన చరిత్రాచార్యుడు జార్జి హోవర్డ్ కూడా పోవలసి వచ్చింది. మరి కొందరు తమంతట తామే రాజీనామాలు ఇచ్చారు. వారిలో ఆర్థర్ లవ్‌జాయ్ అనే యువ తత్త్వశాస్త్రజ్ఞుడు ఒకడు. ఈ పేరు జ్ఞాపకం ఉంచుకోవాలి.

ఇక్కడే మన కథకు మూలం ఉన్నది. అమెరికా అర్థశాస్త్ర పరిషత్తువారు కొలంబియా విశ్వవిద్యాలయపు సెలిగ్‌మన్ గారి ఆధ్వర్యాన ఒక సంఘాన్ని వేసి, రాస్‌ను ఎందుకు తీశారో విచారించబూనారు. అంతవరకు ఇటువంటి పరిషత్తులు ఏడాదికొకసారి చేరి వ్యాసాలు చదువుకుని, భోజనం చేసి పోయేవి. తోటివాని ఉద్యోగం పోతే అది తమ పరిషత్తు పని అని అనుకోవటం కొత్త. విశ్వవిద్యాలయంవారు పూర్తి వివరాలు ఇవ్వలేదు. రాస్ తిరిగి రాలేదు. 1913లో పెన్సిల్వేనియాలోని లఫాయెట్ కాలేజిలో జాన్ మెక్లిన్ అనే తత్త్వశాస్త్ర బోధకుడు రాజీనామా చేయవలసివస్తే, తత్త్వశాస్త్ర పరిషత్తు, మనస్తత్వశాస్త్ర పరిషత్తు కలిసి విచారణకు పూనుకున్నాయి. అక్కడా కళాశాల అధ్యక్షుడు సమాధానం చెప్పటానికి ఇష్టపడలేదు. ఒక్కొక్క శాస్త్రంవారు ఒక్కొక్కసారి తలుపు తట్టితే తెరుచుకోదని అప్పటికి తేలిపోయింది.

అందుచేత 1915 జనవరి మొదట్లో న్యూయార్కులో అన్ని శాస్త్రాలవారు కలిసి అమెరికా విశ్వవిద్యాలయ ఆచార్యుల సంఘాన్ని స్థాపించారు. జాన్ డ్యూయీ ప్రథమాధ్యక్షుడు. మనం జ్ఞాపకం ఉంచుకున్న లవ్‌జాయ్ కార్యదర్శి. ఇంకా బల్లలు సర్దుకోక ముందే పని వచ్చి పడింది. ఆ వసంతంలో యూటా విశ్వవిద్యాలయంలో నలుగురిని తీసివేయగా పదిమందికి పైగా బోధకులు నిరసనగా రాజీనామా చేశారు. లవ్‌జాయ్ స్వయంగా సాల్ట్ లేక్ సిటీకి వెళ్లి విచారణ జరిపాడు.

అదే సంవత్సరం వేసవిలో జరిగిన రెండవ సంగతి మన విషయానికి మరింత దగ్గర. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు వార్టన్ స్కూలులో స్కాట్ నియరింగ్ అనే సహాయాచార్యుడు ఉండేవాడు. గనుల్లో, మిల్లుల్లో చిన్నపిల్లల చేత పని చేయించరాదని ఊరూరా చెప్పేవాడు. ధర్మకర్తలలో వ్యాపారస్థులు ఎక్కువ. నియరింగ్ నియామకం ఏడాది కాగితం. 1915 జూన్‌లో చదువులు ముగిసి, విద్యార్థులు, తోటివారు ఊళ్లకు పోయిన తరువాత, వచ్చే ఏటికి కాగితం రాసేది లేదని ఒక చిన్న ఉత్తరం వచ్చింది. నేరం మోపలేదు. మోపనక్కరలేదు కూడా, గడువు తీరింది, అంతే. సంఘం దీన్ని విచారించి నివేదిక ప్రకటించింది. నియరింగ్ టొలీడో వెళ్లి అక్కడి విశ్వవిద్యాలయంలో చేరాడు. 1917లో యుద్ధానికి వ్యతిరేకంగా మాట్లాడినందుకు ఆ పనీ పోయింది.

ఆ ఏడాదే సంఘం ఒక సిద్ధాంత ప్రకటన వెలువరించింది. దాని వాదం తేలికగా చెప్పాలంటే ఇది. న్యాయమూర్తిని ప్రభుత్వం నియమిస్తుంది, జీతమిస్తుంది. అయినా తీర్పు ఎలా చెప్పాలో ఆజ్ఞాపించదు. ఆచార్యుడు కూడా అటువంటివాడే. ధర్మకర్తలు నియమించవచ్చు గాని అతని బాధ్యత లోకానికి. ఏది సత్యమో తేల్చేది ఆ విద్య తెలిసినవారే. ఇది గొప్ప మాట. అయితే చిన్న అక్షరాల్లో ఏమున్నదో చూడటం గుమాస్తాల అలవాటు. పదేళ్లు పనిచేసిన తరువాత ఉద్యోగం స్థిరం కావాలని ఆ ప్రకటన కోరింది; కాని ఇన్‌స్ట్రక్టరు అనే క్రింది మెట్టువారిని ఆ లెక్కలో కలపలేదు. సంఘంలో సభ్యత్వానికి కూడా మొదట పదేళ్ల అనుభవం షరతు పెట్టారు. తరువాత సడలించారు. నిలదొక్కుకున్నవారు పెట్టే సంఘాలన్నిటికీ ఈ లక్షణం ఉంటుంది కాబోలు. మన ప్రవాస సంఘాల్లోనూ మొదటి జాబితాలు తిరగవేస్తే ఇల్లు కట్టుకున్నవారి పేర్లే కనబడతాయి, గది అద్దెకు తీసుకున్నవారి పేర్లు కనబడవు.

1940లో ఆచార్యుల సంఘం, కళాశాలల సంఘం కలిసి ఒక ఒడంబడిక వంటి ప్రకటన చేశాయి. ఒక పక్షం పనిచేసేవారు, రెండవ పక్షం పని ఇచ్చేవారు. అందుచేత దానికి బలం వచ్చింది. పరీక్షాకాలం ఏడేళ్లకు మించరాదు. అది దాటితే ఉద్యోగం స్థిరం. దానినే అక్కడ టెన్యూర్ అంటారు. కారణం చూపి, తోటివారి ఎదుట విచారించి గాని తీయరాదు. ఇందులోనే నాకు నచ్చిన వాక్యం ఒకటున్నది, పెద్దగా ఎవరూ చెప్పుకోనిది: పరీక్షాకాలంలో ఉన్నవానికి కూడా మిగిలినవారందరికీ ఉన్న బోధనా స్వాతంత్ర్యమే ఉండాలన్నది దాని సారం. అంటే స్వాతంత్ర్యం పర్మనెంటు కాగితంతో పాటు వచ్చే బహుమానం కాదన్నమాట.

సంఘం చేతిలో ఉన్న ఆయుధం ఏమిటని చదువరులు అడుగుతారు. కోర్టు కాదు, పోలీసు కాదు. ఫిర్యాదు వస్తే ముందు ఉత్తరాలు రాస్తారు. సర్దుబాటు కాకపోతే వేరే కళాశాలల ఆచార్యులను పంపి విచారింపజేస్తారు. నివేదిక అచ్చు వేస్తారు. చివరకు ఆ కళాశాల పాలకవర్గాన్ని అభిశంసించి, పేరు ఒక జాబితాలో పెడతారు. అంతే. ఆ జాబితాలో పేరుంటే మంచి పండితుడు అక్కడికి వెళ్లేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. పరువే ఆ ఆయుధం.

ఆ ఆయుధాన్ని సంఘంవారు కావలసినప్పుడల్లా తీయలేదు కూడా. కమ్యూనిస్టులను వెదికే భయం అమెరికాను పట్టిన రోజుల్లో, 1949లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం ముగ్గురు ఆచార్యులను తీసివేసింది. 1950లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం విధేయతా ప్రమాణపత్రం మీద సంతకం చేయనివారిని 31 మందిని పంపివేసింది. ఆచార్యుల సంఘం 1956 దాకా ఈ సంగతుల మీద నోరు విప్పి నివేదిక ఇవ్వలేదు. ఇల్లు కాలిన ఆరేళ్లకు బిందెలు తెచ్చినట్లయింది. చరిత్రకారులు దీనిని క్షమించలేదు. క్షమించనక్కరలేదని నా అభిప్రాయం.

ఆ భయానికి కోర్టులో గట్టి దెబ్బ కొట్టినది మాత్రం ఒక తాత్కాలిక అధ్యాపకుడు. న్యూయార్కు రాష్ట్రంలో 1949లో ఫైన్‌బర్గ్ చట్టం వచ్చింది. రాజద్రోహ భావాలు గల ఉపాధ్యాయులను ఏరివేయటానికి. 1962లో బఫెలో విశ్వవిద్యాలయం ప్రైవేటు చేతుల నుండి రాష్ట్రం చేతికి వచ్చేసరికి, అక్కడివారందరూ తాము కమ్యూనిస్టులం కామని పత్రం రాసి ఇవ్వవలసి వచ్చింది. ఇంగ్లీషు చెప్పే హ్యారీ కీయిషియన్ సంతకం చేయలేదు. అతనిది ఏడాది కాగితం, మళ్లీ రాయలేదు. అతనితో కలిసి నిలిచిన మరి నలుగురిలో ఒకడు గ్రంథాలయంలో పనిచేస్తూ కొంతసేపు మాత్రం పాఠం చెప్పే కవి, జార్జి స్టార్‌బక్. ఉద్యోగపు నిచ్చెనలో క్రింది మెట్లవారు వీరు. వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరినప్పుడు ఆచార్యుల సంఘం తనంతట తాను వాదపత్రం దాఖలు చేసింది. 1967 జనవరి 23న అయిదుగురు న్యాయమూర్తులు ఒక వైపు, నలుగురు ఒక వైపు. ఒక్క ఓటుతో కీయిషియన్ గెలిచాడు. తరగతి గదిమీద ఒకే మతపు నీడ, అనగా ఒకే అభిప్రాయపు నీడ, పరచే చట్టాలను రాజ్యాంగం సహించదని జస్టిస్ బ్రెనన్ రాసిన తీర్పు భావం. ఈనాటికీ అమెరికాలో బోధనా స్వాతంత్ర్యం అనగానే ముందు ఉదహరించేది దీనినే. ఏడాది కాగితంవాడు సంపాదించినదానిని టెన్యూర్ ఆచార్యులందరూ అనుభవిస్తున్నారు.

అయిదేళ్ల తరువాత, 1972 జూన్ 29న, అదే కోర్టు ఒకే రోజున రెండు తీర్పులు ఇచ్చింది. రెంటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. మొదటిది డేవిడ్ రాత్‌ది. విస్కాన్సిన్ రాష్ట్ర విశ్వవిద్యాలయం ఆష్‌కాష్ శాఖలో 1968లో ఏడాది కాగితం మీద చేరాడు. ఆ ఏడు అక్కడ తొంభైకి పైగా నల్లజాతి విద్యార్థులను పాలకులు శిక్షించగా రాత్ విమర్శించాడు. మరుసటి ఏటికి కాగితం రాలేదు, కారణం చెప్పలేదు. కోర్టు ఏమన్నదంటే, ఏడాదికి తీసుకున్నవానికి ఆ ఏడాది ముగిసిన తరువాత ఏమీ బాకీ లేదు. కారణం చెప్పనక్కరలేదు, విచారణ జరపనక్కరలేదు.

రెండవది రాబర్ట్ సిండర్మన్‌ది. టెక్సాస్‌లో పదేళ్లు బోధించినవాడు. చివరి నాలుగేళ్లు ఒడెస్సా జూనియర్ కాలేజిలో, ఏటికొక కాగితం చొప్పున నాలుగు కాగితాలు. టెక్సాస్ జూనియర్ కాలేజి ఉపాధ్యాయుల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఆ హోదాలో శాసనసభ కమిటీల ఎదుట సాక్ష్యాలు చెప్పటానికి తరగతులు వదలి వెళ్లాడు. కాలేజిని నాలుగేళ్ల కాలేజిగా పెంచాలన్నాడు. పాలకమండలికి అది ఇష్టం లేదు. 1969 మేలో కాగితం ముగిసింది. పాలకమండలి అతనిది అవిధేయత అని పత్రికలకు ప్రకటన మాత్రం ఇచ్చింది, అతన్ని పిలిచి అడిగింది లేదు. ఇతని విషయంలో కోర్టు రెండు సంగతులు చెప్పింది. టెన్యూర్ లేనంతమాత్రాన మాట్లాడే హక్కు పోదు. మాట్లాడినందుకే కాగితం ఆపారని రుజువైతే అది చెల్లదు. ఇక రెండవది: ఆ కాలేజికి టెన్యూర్ పద్ధతి లేకపోయినా, పని బాగా చేస్తున్నంతకాలం ఉద్యోగం స్థిరమని భావించవచ్చునని దాని చేతిపుస్తకంలో రాసి ఉన్నది. అటువంటి వాడుక, అటువంటి మాట ఉంటే అది కూడా ఒక హక్కే. రాత్‌కు అటువంటి ఆధారం ఏదీ లేదు. ఈ రెండు వ్యాజ్యాల వెనుకా ఉపాధ్యాయ సంఘాలు నిలబడ్డాయి. రాత్ కేసులో ఆచార్యుల సంఘం వాదపత్రం ఇచ్చింది.

గెలుపూ ఓటమీ ఒకే రోజున. మరి కారణం చెప్పనక్కరలేనప్పుడు, మాట్లాడినందుకే తీశారని రుజువు చేయటం ఎలాగ? ఈ ముడి ఇంతవరకు విడలేదు. రోజుకూలీకి ఇన్ని రోజులు నిండితే ఒక హక్కు వస్తుందని నియమం పెడితే, ఆ రోజులు నిండకుండానే పేరు కొట్టివేసే తెలివి ఏ దేశంలోనైనా పుడుతుంది. ఏడేళ్ల నియమానికి అమెరికా కళాశాలలు కనిపెట్టిన విరుగుడు అటువంటిదే: అసలు ఆ బాటలోనే పడని నియామకాలు. ఒక్కొక్క తరగతికి ఇంత అని, ఒక్కొక్క టెర్ముకు ఇంత అని. అటువంటివారిని అక్కడ అడ్జంక్టులంటారు. మన రాష్ట్రాల కళాశాలల్లో గెస్టు లెక్చరర్లని పిలుస్తామే, దాదాపు ఆ తరగతివారు. అతిథి అనే పేరు బాగానే ఉన్నది, భోజనం మాత్రం అతనే తెచ్చుకోవాలి.

ఆచార్యుల సంఘం లెక్క ప్రకారం 1987లో అక్కడి బోధకులలో టెన్యూర్ బాటకు బయట ఉన్నవారు నూటికి 47 మంది. 2021 నాటికి 68 మంది. ఇదివరకు మినహాయింపు అనుకున్నది నియమమై కూర్చున్నది. సంఘాలు కళ్లు తెరవటానికి కొంత కాలం పట్టింది. పరిషత్తులలో పెద్ద పీటల మీద ఉన్నవారు సొంత శాఖల్లో అడ్జంక్టుల చేత పని చేయించుకుంటున్నవారే గదా. 1990లలో చరిత్ర పరిషత్తు, ఆధునిక భాషల పరిషత్తు మొదలైనవి కలిసి విద్యా శ్రామికుల కూటమి అని ఒకటి ఏర్పరచుకున్నాయి. ఆ కూటమి 2010లో ప్రశ్నలు పంపి సమాధానాలు రాబట్టి 2012లో నివేదిక ప్రకటించింది. ఒక టెర్ము పొడుగునా ఒక తరగతి నడిపినందుకు మధ్యరకపు ప్రతిఫలం 2,700 డాలర్లు. మూడు కళాశాలల మధ్య కారులో తిరుగుతూ బ్రతికేవారున్నారంటే ఆశ్చర్యమేమున్నది! ఆచార్యుల సంఘం 2003లో తాత్కాలిక నియామకాల మీద ఒక ప్రకటన చేసింది. 2006లో తన సిఫారసు నియమాలలో పార్ట్‌టైము బోధకులకు ప్రత్యేకంగా ఒక నియమం చేర్చింది. షరతులు కాగితం మీద ఉండాలి. మాట్లాడినందుకే తనకు తిరిగి పని ఇవ్వలేదని అనుకునేవాడు తోటి అధ్యాపకుల కమిటీ ఎదుట మొరపెట్టుకోవటానికి వీలుండాలి. 1915లో లెక్కలోకి రానివారు లెక్కలోకి రావటానికి తొంభై ఏళ్లు పట్టింది.

ఆ నియమం ఉత్త కాగితమేనా అంటే, కాదు. 2016లో కొలరాడో రాష్ట్రం అరోరా కమ్యూనిటీ కాలేజిలో ఒక పార్ట్‌టైము తత్త్వశాస్త్ర బోధకుణ్ణి టెర్ము మధ్యలో తీసివేశారు. ఎక్కువమంది ఉత్తీర్ణులు కావటానికి పాఠ్యభాగం తగ్గించమన్నారని, దానివల్ల చదువు పలచనవుతుందని, గుర్తింపు ఇచ్చే సంస్థకు ఫిర్యాదు రాయబోయి ముందుగా దాని ప్రతిని పై అధికారులకు చూపాడు. నిజాయితీపరుడు, తెలివైనవాడు మాత్రం చూపకుండా పంపేవాడు. ఒక్క అడ్జంక్టు కోసం ఆచార్యుల సంఘం విచారణ జరిపి, 2017లో ఆ కాలేజి పాలకవర్గాన్ని అభిశంసించింది.

ఇక 2022 అక్టోబరులో మిన్నెసోటా రాష్ట్రంలోని హామ్‌లైన్ విశ్వవిద్యాలయంలో జరిగినది చాలామంది పత్రికల్లో చూసి ఉంటారు. కళాచరిత్ర చెప్పే ఒక తాత్కాలిక అధ్యాపకురాలు, 14వ శతాబ్దపు పారశీక గ్రంథంలోని చిత్రాన్ని తరగతిలో చూపింది. భక్తుడైన ముస్లిం చిత్రకారుల సంప్రదాయంలోనిదే అయినా, అందులో మహమ్మదు ప్రవక్త రూపం ఉన్నది. చూడటం ఇష్టం లేనివారుంటారని పాఠ్యప్రణాళికలో ముందే రాసింది. చూపే ముందు మళ్లీ చెప్పింది. అయినా ఒక విద్యార్థిని మనస్సు నొచ్చుకుని ఫిర్యాదు చేసింది. ఆ నొప్పి నిజం కాదని ఎవరూ అనరాదు. మన ఇళ్లలో దేవుని పటం మీద కాలు తగిలితే కళ్లకద్దుకునేవాళ్లం మనం. కాని పాలకులు ఆ అధ్యాపకురాలితో కూర్చుని సంగతేమిటని విచారించకుండానే ఆమె చేసినది ఇస్లాం ద్వేషమని అందరికీ ఉత్తరం రాశారు. వచ్చే టెర్ముకు ఆమెకు అనుకున్న తరగతిని ఇవ్వలేదు. తీసివేశామని అననక్కరలేదు, ఇవ్వకపోతే చాలు. 1915లో నియరింగ్‌కు వచ్చిన చిన్న ఉత్తరమే ఇది.

ఈసారి మాత్రం సంఘాలు ఆలస్యం చేయలేదు. పశ్చిమాసియా అధ్యయనాల పరిషత్తు విశ్వవిద్యాలయానికి ఘాటుగా ఉత్తరం రాసింది. ఆ చిత్రాల చరిత్ర తెలిసిన పండితులు అవి ఎందుకు రాశారో, ఎవరి కోసం రాశారో వివరించారు. ఒక ముస్లిం ప్రజాసంస్థ కూడా అధ్యాపకురాలి పక్షాన ప్రకటన చేసింది. 2023 జనవరి 17న విశ్వవిద్యాలయంవారు ఆ ద్వేషమన్న మాటను వెనక్కు తీసుకున్నారు. వారం తరువాత అక్కడి అధ్యాపకులు 71 మంది అనుకూలంగా, 12 మంది ప్రతికూలంగా ఓటు వేసి అధ్యక్షురాలిని తప్పుకొమ్మని కోరారు. మేలో ఆచార్యుల సంఘం విచారణ నివేదిక వెలువడింది. అధ్యాపకురాలి బోధనలో దోషం లేదని, ఆమె స్వాతంత్ర్యాన్ని పాలకులు భంగపరిచారని తేల్చింది. ఆమె మాత్రం న్యాయం కోరి కోర్టుకు వెళ్లవలసి వచ్చింది. ఆ తరగతి ఆమెకు తిరిగి రాలేదు.